బోర్డు మీద పేరు కాదు, ల్యాబు తాళం చూడండి

ప్రశ్న: మాది నాయుడుపేట దగ్గర ఒక పల్లె. 22 ఏళ్ళుగా చెన్నైలో ఉంటున్నాము. నేను అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక చిన్న జాబ్‌వర్క్ షాపులో టర్నరుగా పని చేస్తున్నాను. కాపురం విల్లివాక్కంలో. మా అబ్బాయి ఈ యేడు కామర్స్ గ్రూపుతో ప్లస్‌టూ పాసయ్యాడు, మార్కులు అంతంతమాత్రం. బి.కాం. చదవనంటున్నాడు. చిన్నప్పటి నుండి ఇంట్లో ఫ్యాను, మిక్సీ విప్పి బాగుచేసే అలవాటుంది. ఏసీ పని నేర్చుకుంటానంటున్నాడు. అమెరికాలో షార్లెట్ నగరంలో ఉన్న మా బావమరిది, అక్కడ కమ్యూనిటీ కాలేజీలో చదివినవాళ్ళకు ఆ ఊళ్ళోనే ఉద్యోగాలు దొరుకుతాయని చెప్పాడు. మొన్న పెరంబూరు వైపు వెళ్తుంటే ‘కమ్యూనిటీ కాలేజీ, ఏసీ డిప్లొమా, ఒక్క ఏడాది, నూటికి నూరు శాతం ఉద్యోగం’ అని బోర్డు కనిపించింది. ఫీజు 45,000 రూపాయలట. ఇది మా బావమరిది చెప్పినలాంటిదేనా? చేర్చమంటారా? లేక అప్పో సప్పో చేసి అక్కడికే పంపమంటారా? పదో తరగతి చదివే అమ్మాయి కూడా ఉంది. — ఒక తండ్రి, విల్లివాక్కం, చెన్నై

సమాధానం: నమస్కారమండీ. ముందు సూటిగా జవాబు చెబుతాను: ఆ 45,000 రూపాయలు ఇప్పుడే కట్టకండి. అసలే వద్దని అనడం లేదు. కట్టే ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ఏళ్ళ తరబడి లేత్ ముందు నిలబడిన మీకు, ఒక వర్క్‌షాపులో నిజంగా పని జరుగుతోందో లేదో గుమ్మంలోనే తెలిసిపోతుంది. ఈ నగరంలోనే ఒక శిక్షణ సంస్థలో చాలా కాలం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి గనుక, ఏ ప్రశ్న ఎవరిని అడగాలో చెప్పడం వరకు నా వంతు.

మీ బావమరిది గారు చెప్పింది అతిశయోక్తి కాదు. ఆయన ఉంటున్న ఉత్తర కరోలినా రాష్ట్రంలో 58 కమ్యూనిటీ కళాశాలలు ఉన్నాయి. షార్లెట్‌లో ఉన్న దాని పేరు సెంట్రల్ పీడ్‌మాంట్. అవి ప్రజల పన్నులతో నడిచే సంస్థలు. హైస్కూలు ముగించినవారికి మార్కుల వడపోత లేకుండానే ప్రవేశం ఇస్తాయి. అక్కడ రెండేళ్ళు చదివి అసోసియేట్ డిగ్రీ తీసుకోవచ్చు, ఆ చదువును లెక్కలోకి తీసుకునే విశ్వవిద్యాలయంలో మూడో ఏడాదికి వెళ్ళవచ్చు, లేదా కొన్ని నెలల్లో ముగిసే సర్టిఫికెట్ కోర్సు చేసి పనిలో చేరవచ్చు. అందుకే అక్కడి తరగతి గదుల్లో పద్దెనిమిదేళ్ళ పిల్లల పక్కనే, పగలంతా డ్యూటీ చేసి సాయంత్రం పుస్తకం పట్టుకుని వచ్చే నడివయసువాళ్ళూ కనిపిస్తారు. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో మొదలైన జూనియర్ కళాశాలను ఈ కోవలో తొలి ప్రభుత్వ సంస్థగా చెబుతారు. ‘కమ్యూనిటీ కళాశాల’ అన్న పేరు మాత్రం 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం నివేదిక తరువాతనే బాగా వ్యాపించింది.

అయితే ఆ కళాశాలల చదువు ఊళ్ళోనే ఉద్యోగంగా మారడానికి కారణం వాటి పేరూ కాదు, భవనాలూ కాదు. ఒక్కొక్క వృత్తి కోర్సుకు ఒక్కొక్క సలహా సంఘం ఉంటుంది. అందులో ఆ చుట్టుపక్కల కర్మాగారాల, ఆసుపత్రుల, సర్వీసు కంపెనీల మనుషులు కూర్చుంటారు. ఏ యంత్రం పాతబడింది, ఏ కొత్త పని వచ్చింది, నిరుడు తీసుకున్న పిల్లలకు ఏం చేతకాలేదు అన్నది వాళ్ళు చెబుతారు. దాన్నిబట్టి పాఠం మారుతుంది, గిరాకీ పోయిన కోర్సు మూతపడుతుంది. షార్లెట్‌లో సీమెన్స్ కంపెనీ గ్యాస్ టర్బైన్ల కర్మాగారం పెట్టినప్పుడు, లేజర్, రోబోటిక్స్ పాఠాలను ఆ కళాశాలతో కలిసి తయారుచేసింది. అక్కడ చదివినవారికి ఫీజు కట్టి పనిలోకి తీసుకుంది. 2012 జనవరిలో అధ్యక్షుడు ఒబామా అమెరికా చట్టసభల ముందు చేసిన ప్రసంగంలో ఈ సంగతిని ప్రస్తావించారు కూడా. పొరుగున ఉన్న దక్షిణ కరోలినా ఇంకా ముందే, 1961లోనే, తమ రాష్ట్రానికి వచ్చే కర్మాగారాలకు కావలసిన పనివాళ్ళను ప్రభుత్వ ఖర్చుతో తయారుచేసి ఇచ్చే టెక్నికల్ కళాశాలల ఏర్పాటు మొదలుపెట్టింది. 1992లో బీఎండబ్ల్యూ తన కార్ల కర్మాగారాన్ని అక్కడ పెడతానని ప్రకటించే నాటికి ఈ ఏర్పాటు మూడు దశాబ్దాలుగా నడుస్తోంది. అంటే కంపెనీ ఊళ్ళోకి రావడమూ, కళాశాల పాఠం మారడమూ ఒకే పనిలో రెండు భాగాలు. మన దగ్గర మాత్రం ఎక్కువ చోట్ల కంపెనీ వచ్చిన పదేళ్ళకు గాని సిలబస్ కదలదు.

ఈ ఆలోచన మన ప్రాంతానికి కొత్తదేమీ కాదు. పాండిచ్చేరి విశ్వవిద్యాలయం 1995లో దేశంలో తొలి కమ్యూనిటీ కళాశాలను ప్రారంభించింది. మరుసటి ఏడాదే, 1996లో, చెన్నైలో మద్రాసు కమ్యూనిటీ కళాశాల మొదలైంది. జేవియర్ ఆల్ఫోన్స్ అనే జెస్యూట్ ఫాదరీ చెన్నై కేంద్రంగా ఈ పద్ధతిని దేశమంతటా వ్యాపింపజేయడానికి ఏళ్ళ తరబడి పాటుపడ్డారు. చదువు మధ్యలో ఆగిన పిల్లలకు, ఇల్లు గడవడానికి ఏదో ఒక పని కావలసిన ఆడవాళ్ళకు, కళాశాల గడప ఎక్కలేని బస్తీలవాళ్ళకు ఒక ఏడాదిలో చేతిపనీ, నలుగురిలో మాట్లాడే ధైర్యమూ, ఏదైనా పనిచోట కొన్ని వారాల ఇంటర్న్‌షిప్పూ కలిపి ఇవ్వాలన్నది వాళ్ళ పద్ధతి. ఆ తరువాత ఓపెన్ విశ్వవిద్యాలయాలు ఇలాంటి కళాశాలలకు గుర్తింపు ఇచ్చాయి. పన్నెండో పంచవర్ష ప్రణాళిక (2012–17) కాలంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) కూడా మామూలు కళాశాలల్లోనూ పాలిటెక్నిక్‌లలోనూ కమ్యూనిటీ కళాశాల పథకాన్ని ప్రవేశపెట్టింది. అదే కోవలో బి.వొక్. అనే వృత్తివిద్యా డిగ్రీ వచ్చింది. అందులో ఏడాదికి ఆగితే డిప్లొమా, రెండేళ్ళకు ఆగితే అడ్వాన్స్‌డ్ డిప్లొమా, మూడేళ్ళు ముగిస్తే డిగ్రీ.

కాబట్టి మన దగ్గర ఆ ఒక్క పేరు కింద నాలుగైదు రకాల సంస్థలు ఉన్నాయి. పెద్ద కళాశాలలో ఒక విభాగంగా నడిచేది ఒకటి, సేవాసంస్థ తక్కువ ఫీజుతో నడిపేది ఒకటి, ఓపెన్ విశ్వవిద్యాలయం పరీక్షలకు పిల్లలను పంపే కేంద్రం ఒకటి, రెండు గదులు అద్దెకు తీసుకుని బోర్డు కట్టినది మరొకటి. ‘యూనివర్సిటీ’ అన్న మాటను ఎవరు పడితే వారు వాడకుండా 1956 నాటి యూజీసీ చట్టం కట్టడి చేసింది. ‘కమ్యూనిటీ కాలేజీ’ అన్న మాటకు అంతటి కంచె లేదు. మీరు చూసిన సంస్థ వీటిలో ఏదో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. ఎలా తేల్చుకోవాలో చెప్పగలను.

మొదట సర్టిఫికెట్ మాట. నిరుడు పాసైన విద్యార్థి అసలు సర్టిఫికెట్ ఒకటి చూపించమని అడగండి. అడుగున సంతకం ఎవరిదో చూడండి. విశ్వవిద్యాలయానిదో, స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలదో, జాతీయ వృత్తివిద్యా మండలి గుర్తించిన సంస్థదో అయి ఉండాలి. 2013 డిసెంబరులో కేంద్రం ప్రకటించిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రం ప్రకారం ఆ కోర్సు ఏ స్థాయికి చెందినదో కూడా అందులో అచ్చయి ఉండాలి. వాళ్ళ సొంత ట్రస్టు పేరు మాత్రమే ఉంటే, ఆ కాగితం వాళ్ళ గేటు దాటాక ఎక్కడా చెల్లదు. దీని గురించి ఇంతకంటె రాయవలసింది లేదు. చూస్తే తేలిపోయే విషయం.

అసలు పరీక్ష ల్యాబులో ఉంది. నేను కొన్నేళ్ళ క్రితం ఒక సంస్థకు (పేరు ఎందుకులెండి) బయటి పరీక్షకుడిగా వెళ్ళాను. ఏసీ ల్యాబు అని చూపించిన గదిలో ఒకే ఒక్క పాత విండో ఏసీ ఉంది. దాని భాగాలన్నిటికీ ఎరుపు, నీలం, పసుపు రంగులు వేసి పేర్లు రాశారు. పిల్లలు ఆ పేర్లన్నీ గడగడా అప్పజెప్పారు. ఒక రాగి గొట్టం ఇచ్చి మరొకదానితో అతికించమంటే, ఇరవై మందిలో టార్చి వెలిగించడానికి ముందుకు వచ్చినవాడు ఒక్కడు. వాడు కూడా ఆ పని వాళ్ళ మామయ్య షాపులో నేర్చుకున్నవాడే.

మీరు వెళ్ళినప్పుడు ఈ వస్తువుల కోసం వెతకండి. రాగి గొట్టాలు అతికే గ్యాస్ సెట్టు పక్కన నైట్రోజన్ సిలిండరు ఉందా? అతికేటప్పుడు గొట్టం లోపల నైట్రోజన్ నెమ్మదిగా పోనివ్వకపోతే లోపలి గోడకు నల్లటి పొర కడుతుంది; ఆ పొర రాలి సన్నటి కేపిలరీ గొట్టంలో ఇరుక్కుంటే, అతుకు ఎంత అందంగా ఉన్నా ఏసీ చల్లబడదు. వాక్యూమ్ పంపు ఉందా, దానికి నూనె మారుస్తున్న జాడ ఉందా? గొట్టాల్లోని గాలినీ తేమనూ పూర్తిగా లాగివేయకుండా, కాస్త గ్యాసు వదిలి గాలిని బయటికి తోసి ‘సరిపోతుందిలే’ అనుకునే పద్ధతి మన వీధుల్లో మామూలే; మిగిలిన తేమ కంప్రెసర్ నూనెతో కలిసి లోపలి నుండి తినేస్తుంది. గ్యాసు తూచే త్రాసు ఉందా? నేటి యంత్రాలకు గ్యాసును గేజీ ముల్లు చూసి అందాజుగా కాక, గ్రాముల లెక్కన ఎక్కించాలి. పాత ఆర్-22 గ్యాసు, ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం కింద, క్రమంగా వాడుక నుండి తప్పుకుంటోంది. ఇప్పుడు ఇళ్ళకు వచ్చే స్ప్లిట్ ఏసీల్లో ఎక్కువగా ఉన్నది ఆర్-32; అది కొద్దిపాటి మంట అంటుకునే స్వభావం గలది. కొన్నిటిలో వంటగ్యాసుకు చుట్టమైన ప్రొపేన్ ఉంటుంది. ఈ తేడా చెప్పకుండా పిల్లవాడి చేతికి టార్చి ఇచ్చే సంస్థ వాడికి పని నేర్పడం లేదు, ప్రమాదంలోకి నెడుతోంది. చివరగా, ఇన్వర్టర్ ఏసీ బోర్డులు విప్పి మల్టీమీటరుతో పరీక్షించే బల్ల ఉందా? సగం ఫిర్యాదులు ఇవాళ గ్యాసులో కాక ఆ బోర్డులోనే తేలుతాయని సర్వీసు పిల్లలు నాతో అంటూ ఉంటారు.

ఇవన్నీ ఉన్నా చాలదు. పాఠం చెప్పే మనిషిని కలవండి. ఆయన ఎన్నేళ్ళు సర్వీసు చేశారు, ఎక్కడ చేశారు అని, ఆయన నొచ్చుకోని విధంగా, అడగండి. నాకు తెలిసిన మంచి శిక్షకుల్లో ఒకాయన కాలిపోయిన కంప్రెసర్లను పాత సామాన్ల వాళ్ళ దగ్గర కొని, కోసి, ఒక్కొక్కటి ఎందుకు చచ్చిందో పిల్లలచేత రాయించేవారు. ఆ నోటుపుస్తకాన్ని సర్వీసు సెంటర్లవాళ్ళు సర్టిఫికెట్ కంటె ముందు చూసేవారు.

ఇక ఇంటర్న్‌షిప్. ఇక్కడ ఒక చిన్న చిట్కా చెబుతాను. ఏ కరపత్రంలోనూ ఇది ఉండదు. మన చెన్నైలో ఏసీ పనికి ఊపిరి సలపని కాలం మార్చి నుండి జూన్ వరకు. సర్వీసు సెంటర్లకు మనుషులు దొరకని ఆ రోజుల్లో కుర్రవాడు సీనియరు వెంట తిరిగితే, వాడికి ఏడాది పాఠం మూడు నెలల్లో వస్తుంది. అడయారు, బీసెంట్ నగర్ వంటి సముద్రపు గాలి తగిలే చోట్ల బయటి యూనిట్ తుప్పు పట్టి గ్యాసు కారడం కూడా అప్పుడే చూస్తాడు. తమిళుల ఐప్పసి, కార్తిక నెలల (అక్టోబరు నుండి డిసెంబరు వరకు) వానల్లో ఏసీలు ఆగిపోయి ఉంటాయి. అప్పుడు పంపితే టీ తెచ్చే పని తప్ప మరొకటి ఉండదు. ఇంటర్న్‌షిప్ ఏ నెలల్లో, ఎవరి దగ్గర, ఎన్ని రోజులు అని అడగండి. మే నెలంతా సెలవులిచ్చి నవంబరులో ఇంటర్న్‌షిప్ పెట్టిన కళాశాలకు ఊరి పనితో సంబంధం లేదని వేరే ఆధారం అక్కరలేదు.

‘నూటికి నూరు శాతం ఉద్యోగం’ అన్న మాట వినగానే మీరు అడగవలసింది, ఏ ఉద్యోగం అని. ఏసీ పని అంటే ఈ ప్రాంతంలో కనీసం మూడు వేర్వేరు బతుకులు. ఒకటి ఇళ్ళకు, దుకాణాలకు తిరిగే సర్వీసు పని. బండి, సంచి, నిచ్చెన ఉంటే చాలు. కొన్నేళ్ళు చేసినవాడు సొంతంగా నిలబడవచ్చు. అయితే వానాకాలంలో ఆదాయం తగ్గుతుంది, పదో అంతస్తు గోడకు వేలాడుతూ పని చేయవలసి వస్తుంది గనుక సేఫ్టీ బెల్టు కట్టుకోవడం కూడా కోర్సులో భాగంగా ఉండాలి. రెండోది పెద్ద భవనాల్లో నీటిని చల్లబరిచి అంతటా తిప్పే చిల్లర్ ప్లాంటు నడిపే పని. పాత మహాబలిపురం రోడ్డు ఐటీ భవనాలు, పెద్ద ఆసుపత్రులు, కాశిమేడు వైపు మంచు ఫ్యాక్టరీలు, మీ అంబత్తూరులోనే వచ్చిన డేటా సెంటర్లు ఇరవై నాలుగు గంటలూ చల్లగా ఉండాలి. ఏడాది పొడుగునా షిఫ్టు డ్యూటీ, నెల జీతం. దీనికి ఇంటి ఏసీ విద్య చాలదు; నీళ్ళ పంపులు, కూలింగ్ టవర్లు, త్రీఫేజ్ కరెంటు తెలియాలి. మీ వాడిది నిలకడగా కూర్చుని లాగ్‌బుక్కు రాసే స్వభావమైతే, ఇది ఆలోచించదగ్గది.

మూడోది ఏసీలు తయారుచేసే కర్మాగారాల పని. ఇది మీకు సొంతూరి కబురులాంటిది. తడ దగ్గర శ్రీసిటీలో బ్లూస్టార్, డైకిన్ 2023లో తమ కర్మాగారాలు ప్రారంభించాయి. మరికొన్ని కంపెనీలు, వాటికి విడిభాగాలు చేసేవి కూడా అక్కడికి చేరాయి. నాయుడుపేటకూ చెన్నైకీ నడుమ రైలు దారిలోనే ఆ చోటు ఉంది. ‘స్థానిక ఉద్యోగం’ అంటే రాష్ట్రం సరిహద్దు లోపలే అని ఎవరూ గీత గీయలేదు. విల్లివాక్కం పిల్లవాడికి గిండీ ఎంత స్థానికమో, సూళ్ళూరుపేట లోకల్ ఎక్కితే చేరుకునే తడ కూడా దాదాపు అంతే. తెలుగు మాట్లాడే సూపర్‌వైజర్ల నడుమ పని చేయడం వాడికి కలిసివస్తుంది కూడా. కాని మాట దాచకుండా చెప్పాలి: అసెంబ్లీ లైనులో ఎనిమిది గంటలు ఒకే స్క్రూ బిగించే పనికి ఏడాది డిప్లొమా అవసరం లేదు, దానివల్ల జీతమూ పెద్దగా పెరగదు. లైనులో కాక, లీకు పరీక్ష, బ్రేజింగ్ (గొట్టాలు అతికే పని), క్వాలిటీ, మెయింటెనెన్స్ విభాగాల్లో చేరినవాడికే చదివిన చదువు అక్కరకు వస్తుంది. నిరుడు పంపిన పిల్లలు ఏ విభాగంలో ఉన్నారో కళాశాలను అడగండి. వీలైతే వారిలో ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకుని మీరే మాట్లాడండి. కాంట్రాక్టరు కింద ఉన్నారా, కంపెనీ పేరోలు మీద ఉన్నారా, ఆరు నెలల తరువాత ఇంకా అక్కడే ఉన్నారా అన్న మూడు ప్రశ్నలతో ఆ నూరు శాతం ఎంతకు దిగుతుందో మీకే తెలుస్తుంది.

ఒకే కంపెనీ కోసం తయారుచేసే కోర్సుల విషయంలో మాత్రం నాకు కొంత భయం ఉంది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ భారతదేశంలో కార్ల తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. మరైమలై నగర్ కర్మాగారంలో 2022లో ఉత్పత్తి ఆగిపోయింది. మీ ఎస్టేట్‌లో ఆ కంపెనీకి విడిభాగాలు చేసినవాళ్ళు మీకు తెలిసే ఉంటారు. ఒక కంపెనీ యంత్రం మీద ఒకే బటన్ల వరుస నేర్చినవాడి కంటె, డ్రాయింగు చదవగలిగి, మైక్రోమీటరు పట్టగలిగి, కరెంటు తెలిసినవాడు అలాంటి రోజున గేటు మార్చుకోగలడు. టర్నరుగా మీరు ఎన్ని షాపులు మారారో లెక్కపెట్టుకోండి. మీ చేతిలో ఉన్నది ఏ ఒక్క షాపు విద్యా కాదు గదా.

ఇక మీరు అడగకపోయినా నేను చెప్పవలసినది ఐటీఐ గురించి. కమ్యూనిటీ కళాశాల అన్న కొత్త పేరు వెనుక వెతుకుతూ, 1950 నుండి ఉన్న పాత దారిని చాలామంది చూడరు. రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్ అన్నది ఐటీఐలో రెండేళ్ళ ట్రేడు. పదో తరగతి సైన్సు, లెక్కలతో పాసైతే చాలు గనుక, ప్లస్‌టూలో కామర్స్ చదివినందువల్ల మీ వాడికి అడ్డు లేదు. తమిళనాడు ప్రభుత్వ ఐటీఐల్లో ట్యూషన్ ఫీజు లేదు. పైగా నెలకు 750 రూపాయల ఉపకారవేతనం ఇస్తూ వస్తున్నారు. ప్రభుత్వ పాఠశాలలో ఆరు నుండి పన్నెండు వరకు చదివిన అబ్బాయిలకు పైచదువులో నెలకు 1,000 రూపాయలు ఇచ్చే తమిళ్ పుదల్వన్ పథకం 2024 ఆగస్టులో మొదలైంది. మీ వాడు ఏ పాఠశాలలో చదివాడో రాయలేదు, ప్రభుత్వ పాఠశాలే అయితే అక్కడి ప్రధానోపాధ్యాయుణ్ణి అడగండి.

కాలం రెండింతలు పడుతుంది, నిజమే. దానికి బదులుగా దొరికేది ఏమిటంటే, రైల్వే వంటి సంస్థలు కొన్ని పోస్టుల ప్రకటనల్లో ఐటీఐ సర్టిఫికెట్ అని పేరు పెట్టి అడుగుతాయి. కమ్యూనిటీ కళాశాల డిప్లొమా ఎంత మంచిదైనా ఆ గడిలో సరిపోదు. రెండేళ్ళ ఐటీఐ చేసినవాడు పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి నేరుగా వెళ్ళవచ్చు, అక్కడి నుండి బి.ఇ. రెండో ఏడాదిలోకి కూడా. ఇవాళ పుస్తకం అంటే మొహం తిప్పుకునే పిల్లవాడికి ఇరవై రెండో ఏట చదవాలనిపించవచ్చు. ఆ తలుపు మూసుకుపోకుండా ఉంచడం మీ చేతిలో ఉంది. మీ బావమరిది గారు మెచ్చుకున్న అమెరికా కళాశాలల్లో ఉన్న అసలు సౌకర్యం కూడా, చదివిన చదువు పై మెట్టుకు లెక్కకు రావడమే. కనుక నా మొదటి మొగ్గు ప్రభుత్వ ఐటీఐ వైపు. అక్కడ సీటు దొరకకపోతేనో, ఏడాదిలో సంపాదన మొదలు కాక తప్పని పరిస్థితి ఉంటేనో, పై పరీక్షల్లో నిలిచిన కమ్యూనిటీ కళాశాల.

ఏ దారిలో వెళ్ళినా తరువాత ఒక ఏడాది అప్రెంటిస్‌షిప్ చేయించండి. 1961 నాటి చట్టం కింద ఇది నడుస్తుంది. 30 మంది, అంతకు మించి పనివాళ్ళున్న ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 నుండి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. స్టైపెండు కనీస మొత్తాలను 2019లో చదువును బట్టి 5,000 నుండి 9,000 రూపాయలుగా నిర్ణయించారు. మీ వాడు చేరే నాటి రేటు ఒప్పందంలో రాసి ఉంటుంది. ఒప్పందం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైందో లేదో తప్పక చూసుకోండి. ‘చదువుతూ సంపాదన’ అని పిలిచి, నమోదు లేకుండా, పన్నెండు నెలలూ లైనులోనే నిలబెట్టే చోట్లు ఉన్నాయి. అది చవక కూలీ. అప్రెంటిస్‌షిప్ ముగిశాక కంపెనీ ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం చెప్పదు, మీ వాడు అక్కడే ఉండి తీరాలనీ చెప్పదు. చేతికి వచ్చే సర్టిఫికెట్టూ, ఆ ఏడాది కాలపు అనుభవమూ మాత్రం వాడివే.

అమెరికాకు పంపే ఆలోచన మానుకోండి. అక్కడి కమ్యూనిటీ కళాశాల ఫీజు తక్కువ అన్న మాట ఆ రాష్ట్రంలో స్థిరపడ్డవారికి వర్తించేది. మేనమామ ఇంట్లో ఉన్నంత మాత్రాన విద్యార్థి వీసా మీద వెళ్ళినవాడు స్థానికుడు కాడు, కొన్ని రెట్లు ఎక్కువ కట్టాలి. మొదటి ఏడాది కళాశాల ఆవరణ బయట పనిచేయడానికి వీలులేదు. పైగా ఆ కళాశాలల గొప్పతనమంతా తమ ఊరి పనికి తమ ఊరివాళ్ళను తయారుచేయడంలో ఉంది. అప్పు చేసి వెళ్ళి అక్కడి ఊరి పని నేర్చుకుని తిరిగి ఇక్కడికి రావడం, నెల్లూరు బియ్యం కొనడానికి తంజావూరు పోయినట్టు ఉంటుంది. మీ బావమరిది గారికి నిజంగా సాయం చేయాలని ఉంటే, మంచి వాక్యూమ్ పంపూ, డిజిటల్ గేజీ సెట్టూ కొనుక్కోవడానికి డబ్బు పంపమనండి. పనిలో చేరిన మొదటి నెలలోనే అవి అక్కరకు వస్తాయి.

అమ్మాయి సంగతి ఒక్క మాట. ప్రభుత్వ పాఠశాలలో చదువుతున్నట్టయితే ప్లస్‌టూ వరకు అక్కడే ఉంచండి. 2022 సెప్టెంబరులో మొదలైన పుదుమై పెణ్ పథకం కింద ఆ తరువాత ఐటీఐ అయినా, డిప్లొమా అయినా, డిగ్రీ అయినా నెలకు 1,000 రూపాయలు వస్తాయి. అన్నకు ఏసీ పని అని, చెల్లెలికి కుట్టుపని అని ముందే నిర్ణయించకండి. ఆసుపత్రి ల్యాబులూ, ఎలక్ట్రానిక్స్ కర్మాగారాలూ ఆడపిల్లలను తీసుకుంటున్న ఊళ్ళో ఉన్నారు మీరు. ఆమె పదో తరగతి ముగిశాక మళ్ళీ రాయండి.

ఇప్పుడు చేయవలసినది: ముందుగా ప్రభుత్వ ఐటీఐ దరఖాస్తు గడువు కనుక్కుని అర్జీ పెట్టండి, అది చేతిలో ఉండగా పెరంబూరు కళాశాల చూడండి. ఆదివారంనాడు, ఆఫీసువాళ్ళు రమ్మన్న వేళకు వెళ్ళవద్దు. మీకు వారపు సెలవు ఎప్పుడో తెలియదు గాని, ఒక పూట జీతం పోయినా సరే, మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం రెండు గంటలకు చెప్పకుండా వెళ్ళండి. అబ్బాయిని వెంట తీసుకువెళ్ళండి. ల్యాబుకు తాళం వేసి ఉందా, లోపల పిల్లలు ఉన్నారా, ఉంటే వాళ్ళ చేతులకు మసి ఉందా అన్నది మీ కంటికి తెలుస్తుంది. తాళం ఉండి, ‘తాళం చెవి సారు దగ్గర ఉంది, రేపు రండి’ అంటే, అటునుంచి అటే బస్సెక్కి ఇంటికి రండి.